ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో పీజీ, ఆ తర్వాత పీహెచ్‌డీ: ఇక్కడే ఉంటున్న మనిషి రాసిన రివ్యూ

సీపీగెట్ (తెలంగాణ యూనివర్సిటీల పీజీ ఎంట్రన్స్) రిజల్ట్స్ వచ్చినంక ప్రతి ఏడాది ఇదే అడుగుతరు. అక్కా ఆర్ట్స్ కాలేజీ ఎట్లుంటది, ఫస్ట్ ఆప్షన్ అదే పెట్టుకోవాల్నా, ఇంటి దగ్గర ప్రైవేట్ కాలేజీలో పీజీ చేస్తే అయిపోదా, హాస్టల్ వస్తదా, చదువు చెప్తరా, ఊకె ధర్నాలేనా అని. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు ఒక్కసారే మొత్తం రాసిపెడితే అయిపోతదని కూసున్న. నేను ఇక్కడ ఎంఏ తెలుగు చేసిన, ఇప్పుడు ఇక్కడే రీసెర్చ్ స్కాలర్ని, అంటే నేను చెప్పేది ఆర్ట్స్, సోషల్ సైన్సెస్ పిల్లల కోసం. సైన్స్, ఇంజనీరింగ్, లా వేరే కాలేజీలు, వాటి సంగతి అక్కడ చదివినోళ్లను అడగండి.

ముందుగాల పేరు. కాగితాల మీద దీని పేరు యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సోషల్ సైన్సెస్. ఆ పేరు చెప్తే ఆటోవాలాకు అర్థం కాదు, ఆర్ట్స్ కాలేజ్ అంటే చాలు. అసలు రైల్వే స్టేషన్‌కే ఆ పేరు ఉంది. ఎంఎంటీఎస్‌లో సికింద్రాబాద్ నుంచి కాచిగూడ వైపు వస్తుంటే సీతాఫల్‌మండి దాటినంక ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్, దాని తర్వాత జామియా ఉస్మానియా, ఆ తర్వాత విద్యానగర్. మెట్రోలో వచ్చేటోళ్లకు తార్నాక దగ్గర. ఆడపిల్లలకు 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సు ఫ్రీ కాబట్టి చాలామంది బస్సులోనే వస్తరు. ఎట్లొచ్చినా లోపల నడక మాత్రం తప్పదు, క్యాంపస్ వెయ్యి ఎకరాల పైనే ఉంటది, మంచి చెప్పులు కొనుక్కోండి, ఇది సీరియస్‌గానే చెప్తున్న.

మా నాన్నకు ఆర్ట్స్ కాలేజీ అంటే 2009 డిసెంబర్‌లో టీవీలో రోజూ చూసిన బిల్డింగ్. నాకు సీటు వచ్చిందని చెప్తే "గా బిల్డింగ్లనేనా బిడ్డా నువ్వు సదివేది" అని రెండుసార్లు అడిగిండు. అడ్మిషన్ రోజు ఇద్దరం కలిసి వచ్చినం. మెట్ల కింద నిలబడి మొత్తం చూసి, ఏం మాట్లాడకుండా గోడ దగ్గరికి పోయి రాయి మీద అరచెయ్యి పెట్టి చూసిండు. వ్యవసాయం చేసే మనిషి, రాయి ఎట్లాంటిదో చేత్తోనే చూస్తడు. అది లేత గులాబీ రంగు గ్రానైట్. ఎండాకాలం మధ్యాహ్నం బయట గోడ కాలుతుంటది, అదే పెద్ద ఆర్చ్ దాటి లోపల హాల్లోకి అడుగుపెడితే ఒక్కసారిగా ఒళ్లు చల్లబడతది. గోడలు అంత మందం, కప్పు అంత ఎత్తు. మే నెలలో పరీక్షలు రాసేటప్పుడు ఆ చల్లదనం ఎంత విలువైందో రాసినోళ్లకే తెలుస్తది.

కట్టింది ఎవరంటే ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం ఆర్కిటెక్ట్. జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని నిజాం ప్రభుత్వం దేశదేశాలు తిప్పి యూనివర్సిటీ బిల్డింగులు చూసి రమ్మన్నది, వాళ్లకు ఈజిప్ట్‌లో దొరికిండు ఈయన. 1934 జులై 5న పునాది రాయి వేసిన్రు, 1939 డిసెంబర్ 4న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఓపెన్ చేసిండు. ముందు ఆర్చ్ చూస్తే మసీదులు, దర్వాజలు గుర్తొస్తయి, లోపల స్తంభాలు చూస్తే అజంతా ఎల్లోరా గుర్తొస్తయి. ఫోటోలు దిగేటోళ్లు ఆర్చ్ దగ్గరే ఆగిపోతరు. మీరు మాత్రం లోపలికి పోయి స్తంభాల తలల దగ్గర చెక్కడం చూడండి, పొద్దుగాల క్లాసులు మొదలు కాకముందు పోతే ఎవరూ ఉండరు.

యూనివర్సిటీ దీనికంటే పాతది, 1918ది. మొదట్ల గన్‌ఫౌండ్రీ దగ్గర బిల్డింగుల్లో నడిచింది. అప్పట్ల దేశంలో పై చదువు అంటే ఇంగ్లీషే, ఇక్కడ మాత్రం ఉర్దూలో చెప్పిన్రు, డాక్టర్ చదువు, ఇంజనీరింగ్ కూడా. పుస్తకాలు లేవని దారుల్ తర్జుమా అని ఒక తర్జుమా ఆఫీసు పెట్టి మరీ సైన్సు, లా, చరిత్ర పుస్తకాలన్నీ ఉర్దూలోకి తెప్పించిన్రు. 1948 తర్వాత ఇంగ్లీష్ మీడియం అయింది. నేను టెన్త్ దాకా తెలుగు మీడియం పిల్లను కాబట్టి ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు చాలాసేపు దాని గురించే ఆలోచించిన. సొంత దేశపు భాషలో పెద్ద చదువు చెప్పొచ్చని వందేళ్ల కిందనే చేసి చూపించిన్రు, అది గొప్పే. కానీ రాజ్యంలో ఎక్కువమంది ఇంట్ల మాట్లాడేది తెలుగు, వాళ్ల పిల్లలకు ఉర్దూ కూడా బయటి భాషే. రెండూ నిజమే. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు పిల్లల్ని తీసేస్తే చాలామంది నాగ్‌పూర్ పోయి చదువు పూర్తి చేసుకున్నరు, పీవీ నరసింహారావు అట్ల పోయినోళ్లలో ఒకరు. తెలంగాణ ఉద్యమంలో 1969 ఇక్కడిదే, 2009 ఇక్కడిదే. మీరు రోజూ ఎక్కే మెట్ల మీదనే ఇవన్నీ జరిగినయని తెలిసి ఎక్కితే వేరే ఉంటది.

ఇగ అసలు సంగతి, చదువు. నేను డిగ్రీ చేసింది ఒక ప్రైవేట్ కాలేజీలో, పేరు ఎందుకులే. అక్కడ లైబ్రరీ అంటే తాళం వేసిన రెండు బీరువాలు, మూడేళ్లలో నేను ఒక్క పుస్తకం ఇంటికి తెచ్చుకోలే, నోట్స్ డిక్టేట్ చేసేటోళ్లు, రాసుకుని బట్టీ పట్టేది. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చినంక మొదటి నెల నాకు భయమైంది, ఎందుకంటే ఎవరూ నోట్స్ చెప్పరు. సార్ క్లాసుకు వచ్చి పద్యం చదివి "దీంట్లో నీకేం కనిపించింది" అని అడుగుతడు. నాకేం కనిపించిందో నన్ను ఎవరూ అంతకుముందు అడగలే. నోరు పెగలలే. తర్వాత తర్వాత అలవాటైంది, ఇప్పుడు అదే నాకు ఈ కాలేజీ ఇచ్చిన అన్నిటికంటే పెద్ద సదుపాయం అనిపిస్తది.

మా తెలుగు శాఖ గురించి కొంచెం ఎక్కువే రాస్త, ఏమనుకోవద్దు. రాయప్రోలు సుబ్బారావు గారు పాఠం చెప్పిన శాఖ ఇది. ఖండవల్లి లక్ష్మీరంజనం గారు, దివాకర్ల వేంకటావధాని గారు ఇక్కడి ప్రొఫెసర్లు. జ్ఞానపీఠం అందుకున్న సినారె ఇక్కడ చదివి ఇక్కడే చెప్పిండు. బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధన చేసింది ఇక్కడే, అంటే మా నాయనమ్మ నాట్లు వేస్తూ పాడే పాట కూడా పీహెచ్‌డీకి పనికొచ్చే సంగతని మనకు చూపించిన మనిషి ఆయన. నా టాపిక్ కూడా పాటల మీదనే, అందుకని ఆయన పేరు రాస్తుంటేనే నాకు ఒక రకంగా ఉంటది.

ఒక రోజు సంగతి చెప్త. రీసెర్చ్‌లో చేరిన కొత్తలో తాళపత్రం చదవడం నేర్పిన్రు. పొడుగ్గా రెండు వేళ్ల కంటే కొంచెం వెడల్పు ఆకు, మధ్యలో దారం పోసే రంధ్రం. గంటంతో గీసిన అక్షరాలు మొదట్ల సరిగ్గా కనపడవు, దీపం మసి రుద్దితే గీతల్లోకి పోయి నల్లగా తేలుతయి. చదవబోతే ఒక్క మాట కూడా విడిగా లేదు, లైను మొత్తం ఒకటే పొడుగు, ఎక్కడ పదం ముగిసిందో మనమే పట్టుకోవాలె. ఎ, ఏ ఒకటే లెక్క రాసి ఉన్నయి. ధర్మ అనే మాట దగ్గర నేను పది నిమిషాలు ఆగిపోయిన, ఎందుకంటే మ పక్కన తొమ్మిది అంకె లాంటి గుర్తు ఉంది, "ధమ" తర్వాత తొమ్మిదేంది అని. మేడమ్ వెనక నుంచి వంగి చూసి "వలపలగిలక అమ్మా అది, ముందు ర పలుకు" అన్నది. ధర్మ. ఆ ఒక్క అక్షరం విడిపోయినంక లైను మొత్తం దానంతట అదే చదువుకుంటూ పోయిన, పద్యమని తెలిసింది, యతి కూడా కుదిరింది. ఆ రోజు హాస్టల్‌కు నడిచి పోతుంటే ఎవరికన్నా ఫోన్ చేసి చెప్పాలె అనిపించింది, అమ్మకు చేసిన, అమ్మకు ఏం అర్థమైందో తెల్వదు గాని "మంచిగైంది బిడ్డా" అన్నది.

లైబ్రరీ. మెయిన్ లైబ్రరీ కాలేజీ నుంచి నడిచి పోయే దూరంలోనే వేరే బిల్డింగ్. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీష్ పుస్తకాలతో పాటు అరబిక్, పార్సీ రాతప్రతులు, తాళపత్రాలు వేల సంఖ్యలో ఉన్నయి. ఆన్‌లైన్‌లో వెతికి దొరకలేదని లేదు అనుకోవద్దు, షెల్ఫ్ దగ్గరికి పోయి ఆ నంబర్ పక్కన ఉన్న పుస్తకాలన్నీ చూడండి, నాకు పనికొచ్చిన సగం పుస్తకాలు అట్ల పక్క పుస్తకాలే. లైబ్రరీలో పనిచేసే పెద్దవాళ్లతో మర్యాదగా ఉండండి, "అన్నా ఈ టాపిక్ మీద పాత పత్రికలు ఏమన్న ఉన్నయా" అంటే కంప్యూటర్ చెప్పని జాగ వాళ్లు చెప్తరు. రీడింగ్ రూముల్లో ఎక్కువమంది గ్రూప్స్, డీఎస్సీ, జేఎల్ (జూనియర్ లెక్చరర్), నెట్ లాంటి పోటీ పరీక్షలకు ప్రిపేర్ అయ్యేటోళ్లు. పరీక్షల నోటిఫికేషన్ పడిన సీజన్లో పొద్దుగాల తొందరగా పోవాలె, అంతే.

ఇంకోటి, చాలామంది రాయని సంగతి. ఈ కాలేజీలో ఉన్నోళ్లకు సిటీ మొత్తం లైబ్రరీయే. స్టేట్ ఆర్కైవ్స్ తార్నాకలోనే ఉంది, మొఘల్ కాలం పార్సీ కాగితాల నుంచి నిజాం సర్కారు ఫైళ్ల దాకా, హిస్టరీ పిల్లలకు అంతకంటే ఏం కావాలె, వేరే దేశాల నుంచి వచ్చి చూసుకునేది మనకు నడక దూరంలో. తెలుగు పాత పుస్తకాలకు సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1901లో పెట్టింది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, నేను పాత పత్రికల కోసం వారానికి రెండు రోజులు అక్కడే. క్యాంపస్ పక్కనే ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉంది, అక్కడి సెమినార్లకు పోతే ఇంగ్లీష్ వినడం అలవాటైతది, తెలుగు మీడియం నుంచి వచ్చినోళ్లకు నేను ముందుగా చెప్పే సలహా ఇదే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తరు, పొద్దుగాల పది లోపల పోండి, చిన్న సంచి కాదు పెద్ద సంచి తీస్కపోండి.

హాస్టల్ గురించి అందరూ అడుగుతరు కాబట్టి. ఆర్ట్స్ కాలేజీలో సీటు వచ్చిన వెంటనే హాస్టల్ రూం చేతికి రాదు, అడ్మిషన్లు అన్నీ అయినంకనే అలాట్‌మెంట్ ఉంటది, ఆ మధ్య రోజులు ఎక్కడుంటరో ముందే చూసుకోవాలె. నేను చూసుకోలే. బయట ఒక ప్రైవేట్ లేడీస్ హాస్టల్లో చేరిన, ఒక రూంలో ఆరుగురం, మూడు నెలల అడ్వాన్స్ తీసుకున్నరు, నలభై రోజులకే క్యాంపస్ హాస్టల్ దొరికి ఖాళీ చేస్తుంటే ఒక్క రూపాయి వెనక్కి ఇయ్యలే, రూల్ అన్నరు, కాగితం చూపించమంటే కాగితం లేదు. మా నాన్న పత్తి అమ్మిన పైసలు అవి. అందుకే చెప్తున్న, బయట చేరేటప్పుడు అడ్వాన్స్ ఎంత, వెనక్కి ఎంత ఇస్తరు, ఎన్ని రోజుల ముందు చెప్పాలె, ఈ మూడు సంగతులు వాట్సాప్‌లో మెసేజ్ రూపంలో అన్నా రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

క్యాంపస్ హాస్టల్ దొరికినంక నా బతుకు మారింది, ఇది పెద్ద మాట కాదు, నిజం. ఖర్చు తగ్గింది ఒక సంగతి, అంతకంటే రూంమేట్స్. ఆదిలాబాద్ నుంచి ఒక గోండు పిల్ల, పాలమూరు నుంచి ఒకామె, ఖమ్మం నుంచి ఒకామె, నేను సూర్యాపేట దిక్కు. ఒకే కూరకు నాలుగు పేర్లు, ఒకే పండుగకు నాలుగు పద్ధతులు. నా రీసెర్చ్ టాపిక్ పుట్టింది ఆ రూంలోనే, రాత్రి కరెంట్ పోయినప్పుడు ఒక్కొక్కరం మా ఊరి పాట పాడుకుంటుంటే. మెస్‌లో అన్నం, పప్పు, ఒక కూర, ఆదివారం చికెన్. ఇంటి వంట కోసం ఎదురుచూసి రావొద్దు, వందల మందికి ఒకేసారి వండే వంట ఎక్కడన్నా అట్లనే ఉంటది. ఊరి నుంచి మామిడికాయ తొక్కు డబ్బా తెచ్చుకోండి, అది మొదటి వారంలోనే అందరిదీ అయిపోతది, ఇంకోటి తెచ్చుకోండి.

పైసల సంగతి. ఫీజు ప్రైవేట్ పీజీ కాలేజీలతో పోలిస్తే చాలా తక్కువ. ఈపాస్ అనే సర్కారు వెబ్‌సైట్‌లో స్కాలర్‌షిప్‌కు అప్లై చేయాలె, దానికి మీసేవ నుంచి కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఉండాలె, ఆదాయంది ఆ ఏడాదిదే కావాలె, పాత ఆదాయం సర్టిఫికెట్ పట్టుకొచ్చి లైన్లో నిలబడి వాపస్ పోయినోళ్లను ప్రతి ఏడాది చూస్త. పీహెచ్‌డీ చేద్దామనుకునేటోళ్లు ఎంఏ మొదటి ఏడాది నుంచే యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హతకు, రీసెర్చ్ ఫెలోషిప్‌కు రాసే పరీక్ష) మీద కూసోవాలె. మొదటి పేపర్ 50 ప్రశ్నలు, రెండోది 100, మొత్తం 300 మార్కులు, మూడు గంటలు. దాంట్లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి కిరాయి భత్యం. ఇక్కడ పీహెచ్‌డీ అడ్మిషన్‌లో కూడా ఫెలోషిప్ ఉన్నోళ్లు కేటగిరీ వన్, మిగతావాళ్లు ఎంట్రన్స్ రాసి కేటగిరీ టూలో రావాలె. జేఆర్‌ఎఫ్ అంటే పైసలు ఒక్కటే కాదు, ఇంట్ల "పెండ్లెప్పుడు" అని అడిగేటోళ్లకు ఆడపిల్ల ఇచ్చే జవాబు కూడా. నాకు మూడోసారికి వచ్చింది. రెండుసార్లు పోయినప్పుడు నాతో ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్ల కింద కూసొని పాత పేపర్లు విప్పి ఒక్కో తప్పు చూసి చెప్పింది ఎవరో ట్యూషన్ సార్ కాదు, నాకంటే రెండేళ్లు పెద్దైన సీనియర్ అన్న, అక్క. రూపాయి తీసుకోలే. ఇప్పుడు నేను జూనియర్లకు చెప్తున్న. ఇది ఏ బ్రోషర్లో ఉండదు గాని ఇక్కడ దొరికే అసలు కోచింగ్ ఇదే.

ధర్నాల గురించి. అవును, ఉంటయి. నోటిఫికేషన్లు, ఫెలోషిప్‌లు, ఏదన్న సంగతి రాష్ట్రంలో జరిగితే మొదట మాట్లాడేది ఈ మెట్ల మీదనే. మీకు ఇష్టముంటే నిలబడండి, లేకుంటే లైబ్రరీకి పోండి, రెండూ చేసేటోళ్లూ ఉన్నరు. నేను చెప్పేది ఒకటే, వినండి. ఒక మనిషి మైక్ లేకుండా మూడు వందల మందికి వినపడేలా, కాగితం చూడకుండా ఇరవై నిమిషాలు మాట్లాడుతడు, నేను క్లాసులో నోరు విప్పడం నేర్చుకుంది కొంత అక్కడే. బతుకమ్మ అప్పుడు మాత్రం తప్పకుండా రండి, ఆర్ట్స్ కాలేజీ ముందు అన్ని జిల్లాల పిల్లలు పేర్చిన బతుకమ్మలు, తంగేడు, గునుగు వాసన, సాయంత్రం ఎండ పడి బిల్డింగ్ ఎర్రబడి ఉంటది, చప్పట్ల చప్పుడు ఆ రాతిగోడకు తగిలి మళ్లీ మనకే వస్తది.

ఎవరికి సెట్ కాదో కూడా చెప్పాలె కదా. క్యాంపస్ ప్లేస్‌మెంట్ కోసం చూసేటోళ్లు ఎంఏలో చేరే ముందు ఆలోచించుకోండి, ఈ సబ్జెక్టులకు ఉద్యోగమంటే ఎక్కువగా పోటీ పరీక్ష, టీచింగ్, మీడియా, లేదా రీసెర్చ్. తెలంగాణ స్టేట్ యూనివర్సిటీలన్నిట్లో రెగ్యులర్ ప్రొఫెసర్ పోస్టులు ఏళ్లుగా భర్తీ కాక ఉన్నయని పేపర్ చదివే అందరికీ తెలుసు, కాబట్టి పీహెచ్‌డీకి వచ్చేటోళ్లు ముందుగాల మీ టాపిక్‌కు గైడ్ ఎవరు, వాళ్ల దగ్గర సీటు ఖాళీ ఉందా, రిటైర్మెంట్ ఎప్పుడు అని శాఖకు పోయి కనుక్కోండి, తర్వాతనే అప్లై చేయండి. ఇక రోజూ ఎవరో ఒకరు వెంటపడి చదివించాలె అనుకునేటోళ్లకు ఇక్కడ కష్టం. అటెండెన్స్ కోసం ఇంటికి ఫోన్ చేసేటోళ్లు ఉండరు. రెండేళ్లు చెట్ల కింద చాయ్ తాగి కూడా డిగ్రీతో బయటికి పోవచ్చు, అదే రెండేళ్లలో మనిషే మారిపోవచ్చు.

నా రేటింగ్ అడిగితే, పుస్తకాలు, స్థలం, మనుషులు, ఈ మూడింటికి ఐదుకు ఐదు. ఉద్యోగం దారి చూపించడంలో ఐదుకు మూడు, అది ఈ కాలేజీ ఒక్కదాని చేతిలో లేదు.

ఈ ఏడాది సీటు వచ్చినోళ్లకు: టెన్త్, ఇంటర్, డిగ్రీ మెమోలు, టీసీ, బోనఫైడ్, కులం, ఆదాయం, ఆధార్, అన్నీ ఒరిజినల్ ఒక ఫైల్లో, జిరాక్స్ మూడు సెట్లు ఇంకో ఫైల్లో, పది పాస్‌పోర్ట్ ఫోటోలు. మంచినీళ్ల బాటిల్. అమ్మానాన్న వస్తే వాళ్లను ఎండలో నిలబెట్టకుండా లోపల హాల్లో కూర్చోబెట్టండి, చల్లగుంటది. తెలుగు శాఖలో చేరేటోళ్లు ఎవరన్న ఉంటే వచ్చి రీసెర్చ్ స్కాలర్స్ దగ్గర అడగండి, పాత పేపర్లు నా దగ్గర ఆరేళ్లవి ఉన్నయి, జిరాక్స్ తీస్కపోవచ్చు.